మంచు పడిన వాకిలి



మంచు అనే మాట మనకు ఒక్కటే. ధనుర్మాసంలో తెల్లవారుజామున తులసాకు మీద మెరిసే చుక్కా మంచే. రైలును రెండు గంటలు ఆలస్యం చేసే పొగా మంచే. కాలెండరు బొమ్మలో పరమశివుడి వెనకాల తెల్లగా కనిపించేదీ మంచే. ఇందులో ఏదీ మన వాకిట్లోకి వచ్చి మోకాటిలోతున బైఠాయించేది కాదు గనక, ఒక్క మాటతో సరిపెట్టుకున్నాం. పుట్టింటివారు పెట్టిన పేరు అత్తవారింట చెల్లనట్టు, ఈ మాట కూడా కొన్ని దేశాలకు వెళ్ళేసరికి చాలదు.

ఈ వేళ నేను మీతో ముచ్చటించబోయేది ఆ మోకాటిలోతు మంచును గురించి. అది కూడా అమెరికాలోని చికాగో నగరపు మంచు. వివేకానందస్వామి 1893లో ప్రసంగించిన నగరమే. ఆయన మాట్లాడింది సెప్టెంబరులో గనక ఈ బాధ లేకపోయింది! ఈ నగరాన్నే ఎందుకు ఎంచుకున్నానంటే, మన పిల్లలు అక్కడ చాలామంది ఉన్నారు. కూతురి పురిటికో, కోడలి పురిటికో మనలో చాలామందికి ప్రయాణం తప్పడం లేదు. పురుడు మన సెలవులు చూసుకుని రాదు గదా. జనవరిలోనైనా రావచ్చు. అలా వెళ్ళి మూడు శీతాకాలాలు గడిపిన అనుభవంతో నాలుగు మాటలు చెబుతాను.

మొదటి చిక్కు డిగ్రీల దగ్గరే వస్తుంది. "అమ్మా, ఈ వేళ ఇరవై డిగ్రీలే" అని అమ్మాయి ఫోనులో వణుకుతుంది. "ఓసి నీ దుంప తెగ, మాకు ఇరవై అయితే ఫాను వేసుకుని పడుకుంటాం" అని మనం నవ్వుతాం. వాళ్ళ లెక్క ఫారన్ హీట్ లెక్క. అందులో నీరు గడ్డకట్టేది సున్నా దగ్గర కాదు, 32 దగ్గర. వాళ్ళ ఇరవై అంటే మన లెక్కలో సున్నాకి దాదాపు 7 డిగ్రీలు దిగువ. మన లంబసింగిలో సున్నా దరిదాపులకు వస్తేనే పేపర్లో ఫోటో పడుతుంది. చికాగోలో 1985 జనవరి 20న మన కొలతలో సున్నాకి 33 డిగ్రీలు దిగువకు పోయింది. అంతకన్నా తక్కువ అక్కడ ఇంతవరకూ నమోదు కాలేదు.

అంత చలిలో మనుషులు ఎలా బతుకుతారంటారేమో. ఇంట్లో చలి ఉండదండీ! అద్దె ఇళ్ళవాళ్ళకైతే నగర చట్టమే రక్ష. సెప్టెంబరు 15 నుంచి జూన్ 1 దాకా, ఇంటి వేడి యజమాని చేతిలో ఉన్న చోట, పగలు 20 డిగ్రీలకు, రాత్రి 19కి తగ్గకుండా అతను వెచ్చగా ఉంచి తీరాలి. మనకు నీళ్ళ పంపు విప్పమని అడగడానికే ఇంటివారి మొహం చూడాల్సి వస్తుంది. అక్కడ వెచ్చదనం అద్దెకున్నవాళ్ళ హక్కు.

కానీ ఆ ఇరవై డిగ్రీలు మనిషికి చాలుతాయి గాని, పెరుగుకు చాలవు. రాత్రి తోడుపెట్టిన పాలు తెల్లవారి చూస్తే పాలే. మర్నాడు సాయంత్రానికీ పాలే. తోడులోని సూక్ష్మజీవులకు ఒళ్ళు వెచ్చబడితే గాని పని చేయబుద్ధి కాదు. వాటికి నలభై డిగ్రీల చుట్టుపక్కల హాయి. అందుకని మన ఆడపిల్లలు ఒక ఉపాయం కనిపెట్టారు. పొయ్యి కింద ఓవెన్ ఉంటుంది గదా. దాన్ని వెలిగించకుండా, లోపలి దీపం ఒక్కటి వేసి, గిన్నె అందులో పెట్టి తలుపు మూసేస్తారు. ఆ దీపం వేడికే పెరుగు గడ్డలా తోడుకుంటుంది. ఇడ్లీపిండి పొంగేదీ అక్కడే. ఒక్క జాగ్రత్త. ఓవెన్ తలుపు మీద "లోపల పెరుగుంది" అని చీటీ అంటించండి. లేకపోతే అల్లుడుగారు కేకు కోసమని ఓవెన్ వెలిగించేస్తారు.

ఇక కొబ్బరినూనె సంగతి. అది 24 డిగ్రీల దగ్గర కరుగుతుంది. ఇల్లు ఇరవైలో ఉంటే సీసాలో ఐదు నెలలు నిద్రపోతుంది. వెడల్పు మూతి డబ్బాలో పోసుకుంటే చెంచాతో గీరుకోవచ్చు. కరివేపాకు మొక్క కుండీతో సహా ఇంట్లోకి వచ్చి, దక్షిణపు కిటికీ దగ్గర చంటిపిల్లలా కూర్చుంటుంది. దాని ఆకు దూయడానికి చేతులు రావు. చారులోకి రెండే రెండు ఆకులు, అవీ లెక్కపెట్టి.

ఇంట్లో ఇంకో వింత పొడితనం. బయట అంత మంచు ఉంటే ఇల్లు చెమ్మగా ఉండాలి గదా అనిపిస్తుంది. జరిగేది తలకిందులు. చల్లగాలి నీటి ఆవిరిని మోయలేదు. 20 డిగ్రీల దగ్గర ఒక ఘనమీటరు గాలి 17 గ్రాముల ఆవిరిని పట్టుకోగలిగితే, సున్నాకి 10 డిగ్రీలు దిగువన రెండు గ్రాముల చిల్లరే పట్టుకోగలదు. ఆ పేదగాలి ఇంట్లోకి వచ్చి వేడెక్కగానే దాహంతో అల్లాడిపోయి, దొరికినచోటల్లా తడి పీలుస్తుంది. మన పెదవులు, మడమలు, ముక్కులోపలి చర్మం, తలుపు చెక్కలు, వేటినీ వదలదు. ఆరేసిన తువ్వాలు తెల్లవారేసరికి అప్పడంలా ఉంటుంది. అప్పడం మాత్రం డబ్బా మూత లేకున్నా మెత్తబడదు, అదొక్కటే లాభం! తివాచీ మీద నడిచి తలుపు పిడి పట్టుకుంటే చిటుక్కుమని షాకు. మనవణ్ణి ముద్దాడబోతే వాడికీ షాకు. భయపడకండి. రాపిడికి ఒంట్లో చేరిన కరెంటు, పొడిగాలిలో పోయే దారిలేక అలా దూకుతుంది. గదిలో తడిబట్ట ఆరేసినా, వెడల్పు గిన్నెలో నీళ్ళు పెట్టినా కాస్త నయం. మంచినీళ్ళు తాగడం మరచిపోకండి. చెమట పట్టదు గనక దాహం తెలియదు.

బయటికి వెళ్ళాలంటే ముస్తాబు పెళ్ళికూతురి ముస్తాబంత. ఒక్క లావాటి కోటు వేసుకుంటే చాలుననుకుంటారు కొత్తవాళ్ళు. వెచ్చగా ఉంచేది కోటు కాదు, పొరకీ పొరకీ మధ్య చిక్కుకున్న గాలి. అందుకే సన్నటివైనా మూడు పొరలుండాలి. ఒంటికి అంటుకునే లోపలి దుస్తులు, పైన ఉన్ని, ఆ పైన గాలీ తడీ దూరని కోటు. ఒంటికి తగిలే పొర నూలుది కాకుండా చూసుకోండి. నూలు చెమట పీల్చుకుని తడిగా అంటిపెట్టుకుంటుంది. ఎండల్లో అదే సుఖం, మంచులో అదే ప్రాణాంతకం. చీర మానమని నేననను. గుడికి వెళ్ళేటప్పుడు లోపల కాళ్ళకు వెచ్చటి పైజామా, పైన పట్టుచీర, ఆ పైన మోకాళ్ళ దాకా కోటు, కాళ్ళకు బూట్లు. అద్దంలో చూసుకుంటే నవ్వొస్తుంది. నవ్వితే వెచ్చగా ఉంటుంది. కుచ్చిళ్ళు మాత్రం రెండంగుళాలు పైకి కట్టండి. రోడ్డు మీది ఉప్పునీళ్ళు తగిలిందంటే జరీ అంచు మీద తెల్లటి చారలు కడతాయి.

చేతి తొడుగుల్లో రెండు రకాలు. వేలికో గది ఉన్నవి ఒకటి, బొటనవేలు విడిగా, తక్కిన నాలుగూ ఒకే సంచీలో ఉండేవి రెండోది. చూపుకి మొదటివి నాజూకు. వెచ్చదనానికి రెండోవే. వేరు కాపురం పెట్టిన వేలు తన చలి తనే భరించాలి. ఉమ్మడి కాపురంలో ఉన్న నాలుగు వేళ్ళూ ఒకదాని వేడి ఒకటి పంచుకుంటాయి. నేనేదో పాతకాలపు మాట చెబుతున్నానని కోడళ్ళు అనుకోవద్దు. ఇది చేతివేళ్ళ సంగతి మాత్రమే!

ఇక వాకిలి దగ్గరకు వద్దాం. అసలు కథ అక్కడే ఉంది.

మనం పొద్దున్నే లేచి వాకిలి ఊడ్చి కల్లాపి చల్లుతాం. దాన్నెవరూ ఘనకార్యమనుకోరు. చికాగోలో ఆ పనికి చట్టం ఉంది. ఇంటి ముందు జనం నడిచే దారిలో కనీసం 5 అడుగుల వెడల్పున మంచు తీసి తీరాలి. పగలు 7 నుంచి సాయంత్రం 7 లోపు పడినదాన్ని రాత్రి 10 లోగా, రాత్రి పడినదాన్ని మర్నాడు పొద్దున 10 లోగా తీయాలి. తీయకపోతే జరిమానా. తీసిన మంచును వీధిలోకి తోసేయడానికీ వీల్లేదు.

అదెంత పనో ఓ లెక్క చెబుతాను. అక్కడి పాతపేటల్లో ఇంటి స్థలం వెడల్పు చాలావరకు 25 అడుగులు. 25 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు, అడుగు మందం మంచు. చూడ్డానికి దూదిలా ఉంటుంది. పది అంగుళాల మంచు కరిగితే ఒక అంగుళం నీళ్ళని పెద్ద లెక్క. ఆ చొప్పున ఆ దూది బరువు 350 కిలోలు. అంటే 25 కిలోల బియ్యం బస్తాలు పద్నాలుగు! పొద్దున కాఫీకి ముందు పద్నాలుగు బస్తాలు పారతో ఎత్తి పక్కన పోయడమన్నమాట. తడిమంచైతే ఇంకా బరువు. నలభై అయిదు దాటిన మగవాళ్ళు, అందులోనూ రక్తపోటు ఉన్నవాళ్ళు, ఏడాదంతా కుర్చీలో కూర్చుని ఆ ఒక్కపూట వీరులవుదామని పార పట్టుకోవడం మంచిది కాదు. చలికి రక్తనాళాలు ముడుచుకుంటాయి, శ్రమకు గుండె పరుగెడుతుంది. ఎత్తకుండా తోయాలి, కొంచెం కొంచెంగా తీయాలి, ఛాతీ పట్టేసినట్టుంటే పార అక్కడే పడేసి లోపలికి రావాలి. ఈ మాట మీ అల్లుడికీ, కొడుకుకీ గట్టిగా చెప్పండి.

తీసినచోట ఉప్పు చల్లుతారు. కల్లాపికి బదులు కల్లుప్పు! ఉప్పు కలిసిన నీరు సున్నా దగ్గర గడ్డకట్టదు, ఇంకా చల్లబడాలి. వెనకటి రోజుల్లో చేత్తో తిప్పే ఐస్ క్రీం డబ్బా చుట్టూ ఐసుముక్కల్లో ఉప్పు వేసేవాళ్ళం, గుర్తుందా? ఆ కిటుకే ఇది. అయితే సున్నాకి 9, 10 డిగ్రీలు దిగువకు పోయాక మామూలు ఉప్పు చేతులెత్తేస్తుంది. అప్పుడు కాల్షియం క్లోరైడు చల్లుకోవాలి. ఎక్కువ చల్లితే ఎక్కువ పుణ్యమేమీ లేదు. మొక్కలు చస్తాయి, కార్లు తుప్పుపడతాయి. గుప్పెడు చాలు.

మన వయసువాళ్ళకు అసలు శత్రువు తెల్లమంచు కాదు, నల్లమంచు. అంటే నల్లగా ఉంటుందని కాదు. అద్దంలా సన్నగా గడ్డకట్టి, కింది రోడ్డు రంగే కనిపిస్తుంది. తడిరోడ్డనుకుని కాలేస్తే తుంటి ఎముకకే ముప్పు. నడక మార్చుకోవాలి. చేతులు జేబుల్లో పెట్టుకోకుండా, అడుగు చిన్నదిగా, పాదం మొత్తం ఒకేసారి ఆనిస్తూ, బాతులా నడవాలి. ఎవరన్నా చూస్తారేమోనని సిగ్గుపడకండి. వాళ్ళూ అలాగే నడుస్తున్నారు.

ఈ వాకిలి పనిలో ఒక వినోదం ఉంది. వీధిలో నిలిపిన కారు మంచులో కూరుకుపోతుంది. రెండు గంటలు తవ్వి బయటికి తీస్తారు. తీసి ఆఫీసుకు వెళితే, ఆ ఖాళీలో ఇంకెవరో కారు పెట్టేస్తారు. అందుకని తవ్వినవాడు వెళ్ళేముందు అక్కడ ఒక విరిగిన కుర్చీయో, పాత ఇస్త్రీబల్లో, పిల్లల బొమ్మబండో పెట్టి వెళతాడు. దీన్ని వాళ్ళు డిబ్స్ అంటారు. చట్టం దీన్ని ఒప్పుకోదు. మునిసిపాలిటీవాళ్ళు కొన్నాళ్ళు చూసి ఎత్తుకుపోతారు. అయినా ఆ కుర్చీని కదిలించడానికి ఎవరికీ ధైర్యం చాలదు. నాకైతే ఇందులో కొత్తేమీ కనిపించలేదు. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి సీటు మీదికి కర్చీఫు విసరడం వాళ్ళు మన దగ్గర నేర్చుకున్నారేమో!

ఇంటి ముందు మన వంతు, రోడ్ల మీద నగరం వంతు. ఉప్పు చల్లుతూ మంచు తోసే పెద్ద బండ్లు తిరుగుతాయి. వాటికి పేర్లు పెట్టమని నగరం ప్రజలకు పోటీ పెడితే, 2023లో గెలిచిన పేర్లలో ఒకటి సాల్టర్ పేటన్. వాల్టర్ పేటన్ అని అక్కడి ఫుట్ బాల్ ఆటగాడుండేవాడు. ఆయన పేరుకి ఉప్పు చల్లారన్నమాట.

నవ్వులాటలా ఉన్నా, ఈ ఊడుపు పని జరగకపోతే ఏమవుతుందో చికాగోకి తెలుసు. 1967 జనవరి 24న మన శీతాకాలంలా 18 డిగ్రీలుంది. రెండు రోజులు తిరిగేసరికి, 26, 27 తేదీలలో 58 సెంటీమీటర్ల మంచు కురిసింది. దాదాపు 50,000 కార్లు, 800 బస్సులు ఎక్కడివక్కడ వదిలేసి జనం నడిచి ఇళ్ళకు చేరారు. 1979 జనవరిలో, ముందే పేరుకుపోయి ఉన్న మంచు మీద రెండు రోజుల్లో 50 సెంటీమీటర్లు పైగా పడింది. వీధులు వారాల తరబడి శుభ్రం కాలేదు. రైళ్ళు కొన్ని స్టేషన్లలో ఆగకుండా పోయాయి. అవి ఎక్కువగా నల్లజాతివారు ఉండే పేటల స్టేషన్లు కావడంతో జనానికి కడుపు మండింది. అప్పుడు మేయరు మైకేల్ బిలాండిక్. ఆ ఫిబ్రవరి 27న పార్టీలో అభ్యర్థిని ఎన్నుకునే ఓటింగులో ఆయన్ని ఓడించి జేన్ బర్న్ అనే ఆవిడ నిలిచింది. ఏప్రిల్లో మేయరయింది. చికాగో చరిత్రలో మొదటి మహిళా మేయరు ఆవిడే. వాకిలి ఊడవని యజమానిని వీధి ఊరుకోలేదన్నమాట. మనం రోజూ చేసే పని, ఎవరూ లెక్కలోకి తీసుకోని పని, ఒక మహానగరంలో వారాల తరబడి ఆగిపోతే ప్రభుత్వమే మారింది. ఈ సంగతి ఈసారి "ఇంట్లో ఖాళీగానే ఉంటావుగా" అని ఎవరైనా అంటే చెప్పండి.

చలి హాస్యమాడని రోజులూ ఉంటాయి. 2019 జనవరి 30న సున్నాకి 30 డిగ్రీలు దిగువ, పైగా ఈదురుగాలి. ఒళ్ళు కప్పుకోకపోతే నిమిషాల్లో చర్మం చచ్చుబడే చలి. బడులు మూశారు. తపాలా బట్వాడా ఆపారు. రైళ్ళు పట్టాలు మారేచోట బిగుసుకుపోకుండా పట్టాల పక్కన గ్యాసు మంటలు పెట్టారు. ఆ వేళ గుడారాల్లో ఉన్న ఇల్లులేనివాళ్ళ సంగతేమిటని ఒక మామూలు ఇల్లాలికి తోచింది. ఇళ్ళు కొనే, అమ్మే వ్యాపారం ఆమెది. తన క్రెడిట్ కార్డు మీద ఒక హోటల్లో 30 గదులు తీసుకుని వాళ్ళను చేర్పించింది. వార్త తెలిసి ఎందరో డబ్బు పంపితే గదులు ఇంకా పెరిగాయి. తన వాకిలి ఎక్కడిదాకా అన్నది ఎవరికి వారు నిర్ణయించుకోవలసిందే.

మరో మాట చలి గురించి చెప్పి తీరాలి. ఇది మన ఊళ్ళకూ వర్తిస్తుంది. మంచులో కారు పొగగొట్టం పూడిపోయి ఉండగా లోపల కూర్చుని ఇంజను నడిపినా, మూసిన షెడ్డులో నడిపినా, కార్బన్ మోనాక్సైడు చేరి ప్రాణం తీస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. అందుకే చికాగో ఉన్న ఇల్లినాయ్ రాష్ట్రంలో పడకగదికి 15 అడుగుల లోపు దాన్ని పసిగట్టి కూతవేసే చిన్న పెట్టె ఉండాలని చట్టం. మనకు ఆ పెట్టె లేదు, కుంపటి ఉంది. చలికాలంలో తలుపులు బిగించి గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకోకండి. బాలింతకు వెచ్చదనమని అసలే వద్దు. గాలిపోయే దారిలేని స్నానాలగదిలో గ్యాసు గీజరు వాడకండి. తలనొప్పి, వికారం, నిద్రమత్తు తోచాయంటే తలుపులు తీసి ముందు బయటికి రండి.

ఇంతకీ ఆ చలిలో సంక్రాంతి వస్తుంది. వెళితే దిగులు పెట్టుకోకండి. తెల్ల మంచు మీద తెల్ల ముగ్గు కనపడదు గనక, అక్కడి మన ఆడపడుచులు రంగుముగ్గులే వేస్తారు, అవీ హాల్లోనే. భోగిపళ్ళు పోయడానికి రేగుపళ్ళు దొరక్కపోతే చిన్న చిన్న చాక్లెట్లు రాలతాయి. డెవాన్ వీధిలో మన సరుకుల కొట్లున్నాయి, నువ్వులకూ బెల్లానికీ లోటులేదు. అరోరాలో బాలాజీ గుడి ఉంది. మెట్ల దగ్గర వందల బూట్లు మంచునీళ్ళు కారుస్తూ కూర్చుంటాయి. చలిదేశంలో గుమ్మం దగ్గరే బూట్లు విప్పి పళ్ళెంలో పెట్టడం అక్కడి ఇళ్ళలోనూ మామూలే. మన ఆచారాన్ని మంచు వాళ్ళచేత పాటింపజేస్తున్నట్టుంది.

మంచు తుపాను వస్తుందనగానే అక్కడ పాలూ రొట్టే కోసం కొట్లకు ఎగబడతారు. 2014లో హుద్ హుద్ చూసిన విశాఖ ఇల్లాళ్ళకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. కొవ్వొత్తులు, అగ్గిపెట్టె, తాగేనీళ్ళు, వారానికి సరిపడా బియ్యం పప్పు, మందులు. ఊరేదైనా చీటీ అదే. దానికి అడుగున ఇంకొక్కటి రాసుకోండి. పక్కింటి ముసలావిడ. ఆవిడ ఇంట్లో దీపం వెలిగిందా లేదా, వాకిట్లో అడుగుల జాడ ఉందా లేదా చూడండి. జాడ లేకపోతే తలుపు తట్టండి. మంచు పడిన ఊరికి ఒక సుగుణముంది. ఎవరు బయటికి వచ్చారో, ఎవరు రాలేదో వాకిలే చెబుతుంది. మన ఊళ్ళలో అది మనమే కనుక్కోవాలి.

పురిటికి వెళ్ళే తల్లులకు ప్రయాణం సుఖంగా జరగాలని కోరుకుంటూ, సెలవు.